రెండో కృష్ణుడు

సాయంత్రం నాలుగవుతోంది. తనకల్లు దాటి లోపలికి పోయే మట్టిదారి పక్కన టమోటా తోట గట్టు మీద మీరు నిలబడి ఉన్నారు. ఫాల్గుణం వెళ్ళనే లేదు, అప్పుడే బండలు కాగుతున్నాయి. కట్టెలకు దారాలతో ఎగగట్టిన చెట్ల వరసల మధ్య నలుగురు ఆడవాళ్ళు వంగి కాయలు కోస్తున్నారు. నిండిన బాక్సులను ఒక మనిషి భుజాన పెట్టుకుని గట్టుకు చేరుస్తున్నాడు. నలభై దాటి ఉంటాడు. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. పెదాలు మాత్రం ఊరుకోకుండా కదులుతున్నాయి. ఫోన్లో మాట్లాడుతున్నాడనుకుంటారు. దగ్గరికి పోతే తెలుస్తుంది, అది పద్యం. బాక్సు ఎత్తుతూ ఒక పాదం, దించుతూ ఇంకో పాదం. నాలుగో పాదం కుదరలేదు కాబోలు, ఖాళీ చేతులతో తిరిగి నడుస్తూ మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు.

ఈ రాత్రి ఊళ్ళో కురుక్షేత్రం. ఇతను రెండో కృష్ణుడు.

ఈ దిక్కు కురుక్షేత్రం నాటకంలో కృష్ణుడు ఒకడు కాదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ, పాండవ విజయ నాటకాల నుంచి కూర్చుకున్న ఆట ఇది. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఒకడు, యుద్ధరంగానికి ఇంకొకడు. తెల్లవార్లూ ఒకే గొంతు నిలవదు కాబట్టి ఇలా పంచుతారని బయటివాళ్ళు అనుకుంటారు. అదీ నిజమే. కానీ ఊరి లెక్క ఇంకా లోతైనది. మొత్తం పద్యాలన్నీ ఒక్కడే నేర్చుకోవాలంటే ఏడాది పట్టొచ్చు. అంత తీరిక ఎవరికుంది? ఆట ఖర్చంతా ఒక్కడే మోయాలంటే ఎకరా పొలం కదిలిపోతుంది. అందుకని వేషాన్ని మూడు ముక్కలు చేసి, ముగ్గురి బతుకుల్లో పట్టేటట్టు అమర్చుకున్నారు. పొలమూ పాడీ, బడీ బస్సూ ఉన్నవాళ్ళు కృష్ణుడు కావాలంటే ఇదొక్కటే దారి.

వంగి కాయలు కోస్తున్న నలుగురిలో ఒకామె తల ఎత్తింది. అతని భార్య.

"మండీ బండి రాత్రి రెండు గంటలకే వస్తాదంట. డ్రైవరు ఫోన్ చేసినాడు."

"రెండు గంటలకు నేను దుర్యోధనుని కొలువులో ఉంటా కదే."

"నువ్వు యాడన్నా ఉండు. కాయలు నేనెక్కిస్తా. పొద్దున మదనపల్లెకు ఫోన్ చేసి రేటు మాత్రం నువ్వు కనుక్కో."

కోపంగా అన్నదేమీ కాదు. లెక్క చెప్పినట్టు చెప్పి, మళ్ళీ వంగింది. సంక్రాంతి పండగ దాటినప్పటి నుంచి ఈ ఇంట్లో రాత్రి అన్నం ఇద్దరూ కలిసి తినడం లేదు. అన్నం తినీ తినకుండానే అతను భజన గుడికి పోతాడు. పాలు పిండడం, త్రీఫేజ్ కరెంటు వచ్చే వేళకు బోరు దగ్గర ఉండడం, పిల్లవాడి ఫీజు, అన్నీ ఆమె మీదికే వచ్చాయి. కరపత్రంలో ఆమె పేరు లేదు. ఈ రాత్రి ఆటకు ఆమె పెట్టిన పెట్టుబడి మాత్రం ఎవరికీ తీసిపోదు.

ఇప్పుడు భజన గుడికి రండి. ఇన్ని నెలలూ నాటకం నేర్పింది ఇక్కడే. హార్మోనియం మాస్టరుది వేరే ఊరు. ఒక ఊళ్ళో ఆట ఎక్కించాక ఇంకో ఊరికి పోతాడు, పిలిచిన ఊళ్ళోనే ఉండి వంతుల మీద ఇళ్ళల్లో తింటాడు. పొడుగాటి నోటుబుక్కులో పద్యాలు రాయించి, ఒక్కొక్కరి చేత ఒప్పజెప్పించుకుంటాడు. మన రెండో కృష్ణుడి చదువు ఐదో తరగతి దగ్గర ఆగిపోయింది. ఆ మనిషి ఇప్పుడు సంస్కృత సమాసాలను ఎక్కడా తెగకుండా ఒక్క ఊపిరిలో అంటాడు. అర్థం అడగండి, చెబుతాడు. మాస్టరు చెప్పిన అర్థం కాదు, తనకు తట్టింది. "సంధికి పొయ్యేవాడు గెట్టిగా అరవకూడదప్పా. తగవు తీర్చేదానికి పోయిన పెద్దమనిషి అరిస్తే ఎవురు వింటారు?" ఊరి పంచాయితీల్లో కూర్చున్న అనుభవం అది. పాత్రలోకి అలా వచ్చి చేరింది.

ఖర్చు సంగతి కూడా వినండి. పల్లె నాటకంలో వేషం కట్టేవాడే డబ్బు కూడా వేసుకోవాలి. సీన్లు, డ్రెస్సులు, మైక్‌సెట్టు, వాద్యాలు, పట్నం నుంచి వచ్చే నటీమణుల పారితోషికం, అన్నింటికీ చందాలు కొంత, వేషగాళ్ళ వాటాలు కొంత. చెనక్కాయ పంట పండిన ఏడు ఆటలు ఎక్కువ, ఎండిన ఏడు తక్కువ. వానను నమ్ముకున్న ఈ కరువు సీమలో నాటకం కూడా వర్షాధారమే.

తొమ్మిది దాటింది. స్టేజీ వెనక, బడి వరండాలో రంగులు వేస్తున్నారు. లోపలికి రండి, ఎవరూ అడ్డు చెప్పరు. కొబ్బరినూనె వాసన, గమ్ వాసన, పెట్టెలోంచి తీసిన మఖమలు అంగరఖాల పాతవాసన. నేల మీద చాప. బల్బు కింద వరసగా ముఖాలు. మీసం అంటించుకుంటున్న దుర్యోధనుడు ఆర్టీసీ డ్రైవరు. రేపటి పొద్దుటి డ్యూటీని తోటి డ్రైవరుతో మార్చుకున్నాడు. ఈ ఆట కోసం అతనికి రెండు ఆదివారాలు బాకీ. మొదటి కృష్ణుడు బడిపంతులు. కాళ్ళకు గజ్జెలు కట్టించుకుంటూనే, పక్కన నిలబడ్డ పదో తరగతి పిల్లవాడికి లెక్క చెబుతున్నాడు. పరీక్షలు దగ్గరికొచ్చాయి. కర్ణుడికి తనకల్లులో మోటార్లు చుట్టే షాపు. వేళ్ళ సందుల్లో వార్నిషు మరక సబ్బుకు పోలేదు, దాని మీదే ఉంగరాలు తొడిగాడు.

ఈ వరండాలో కూర్చుంటే నాకు ఎప్పుడూ బళ్ళారి రాఘవ గుర్తుకొస్తాడు. ఆయన 1880లో పుట్టింది తాడిపత్రిలో. అప్పటికి అనంతపురం జిల్లా ఏర్పడలేదు. 1882లో బళ్ళారి నుంచి విడదీసి చేశారు. ఆయన వృత్తి న్యాయవాదం. బళ్ళారి కోర్టులో పేరున్న ప్లీడరు. పగలు క్రిమినల్ కేసుల్లో వాదన, రాత్రి రంగస్థలం మీద మరో మనిషి. ఆయన మేనమామ, ధర్మవరంలో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, ఆంధ్ర నాటక పితామహుడని మనం పిలుచుకునే ఆ పెద్దాయన, ఆయనా ప్లీడరే. బళ్ళారిలో సరస వినోదిని సభ నడిపాడు. దానికి పోటీగా సుమనోరమ సభను నడిపిన కోలాచలం శ్రీనివాసరావు కూడా ప్లీడరే. కోలాచలం రాసిన రామరాజు నాటకంలో రాఘవ పఠాన్ రుస్తుం వేషం కట్టాడు. విజయనగరం కూలిపోయిన కథ అది. 1565లో తళ్ళికోట తరువాత రాజధాని పెనుకొండకు మారిన సంగతి ఈ దిక్కున బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ కథను కోర్టు కాగితాలు కట్టిపెట్టి వచ్చిన ప్లీడర్లు రాసుకుని, ఆడుకున్నారు. తెలుగు నాటకం తొలిరోజుల్లో ఒక పెద్ద భాగం ఇలా, వేరే పని ఉన్న మనుషుల చేతుల్లోనే పెరిగింది.

రాఘవ 1928లో లండన్ పోయి బెర్నార్డ్ షాను కలిశాడు. అంత దూరం వెళ్ళిన కీర్తితో ఆయన వకాలతు మానుకోలేదు. సినిమాలు వచ్చాక, గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డలో 1939లో నటించాడు, అప్పటికి అరవైకి దగ్గరపడ్డాడు. మళ్ళీ బళ్ళారికే వచ్చాడు. 1946లో పోయాడు. ఆయనను ఎవరూ తీరిక వేళల నటుడు అనలేదు. ఈ చాప మీద కూర్చున్న మోటారు మెకానిక్కును మాత్రం సులభంగా అనేస్తాం. తేడా ఎక్కడుంది? చదువులోనా, సంపాదనలోనా? చెమటలో మాత్రం నాకు కనబడదు.

ఒక్క విషయంలో రాఘవకూ ఈ ఊరికీ పొసగదు. పద్యాన్ని రాగాలు తీసి సాగదీయడం ఆయనకు గిట్టేది కాదు. మాట, చూపు, నడక చాలన్నాడు. ఇక్కడ రాగం లేకపోతే జనం లేచి పోతారు. నేను ఊరి పక్షమే. పొద్దంతా పొలంలో నోరు మూసుకుని పనిచేసిన మనిషికి, గొంతెత్తి తన ఇష్టమున్నంత సేపు నిలబెట్టే హక్కు ఏడాదికి ఈ ఒక్క రాత్రే దొరుకుతుంది.

వరండా చివర, చీర అడ్డం కట్టిన మూల చూడండి. ద్రౌపది. ధర్మవరం దిక్కు నుంచి సాయంత్రం వచ్చింది, చేతిలో ఒక బ్యాగు. అందరిలోకీ వృత్తి నటి ఈమె ఒక్కతే. నిన్న వేరే ఊళ్ళో చంద్రమతి, రేపు ఇంకో ఊళ్ళో ఇంకో వేషం. ఏ ఊరికి పోయినా ఎదుటి కృష్ణుడు కొత్తవాడే, ముందుగా కలిసి రిహార్సల్ చేసే వీలుండదు. అద్దం ముందు కూర్చుని కాటుక దిద్దుకుంటూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపట్టి మాట్లాడుతోంది.

"హాల్‌టికెట్టు బ్యాగులో పెట్టుకున్నావా? పిన్ని ఇంట్లో తినేసి పడుకో. పొద్దున నేనే ఫోన్ చేసి లేపుతా. బస్సులో ఉంటాలే, లేపుతా."

నాటకాల కాలమంటే పంటలు ఇంటికి చేరినప్పటి నుంచి వానలు పడేదాకా. ఆ నాలుగైదు నెలల్లో వరస రాత్రులు మేలుకోవాలి. పిల్లల పరీక్షలు వచ్చేదీ అప్పుడే. వానలు పడ్డాక ఆటలు ఉండవు, కుట్టుమిషను ఉంటుంది. మగ వేషగాళ్ళు నాటకం కోసం ఇంట్లో డబ్బు తీస్తారు, ఈమె నాటకంతో ఇంట్లోకి డబ్బు తెస్తుంది. ఇద్దరిదీ ఒకే స్టేజీ. బరువులు మాత్రం వేరు. ఇక్కడికి దగ్గరే, కడప సీమలోని సురభి అనే పల్లెలో 1885లో కీచకవధ ఆడి మొదలైన సురభి కుటుంబాలు ఈ చిక్కును వేరే విధంగా తీర్చుకున్నాయి. ఇల్లూ సమాజమూ ఒకటే చేసేశాయి. వంట, కాన్పు, పిల్లల పెంపకం, అన్నీ డేరాల్లోనే. తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతిగా కనిపించిన సురభి కమలాబాయి ఆ ఇంటి బిడ్డే. కదిరి తాలూకా, దానితో పాటు ఈ తనకల్లు, 1910 దాకా కడప జిల్లాలోనే ఉండేది. ఒక రకంగా సురభి వాళ్ళు మన పాత జిల్లా వాళ్ళే. కానీ అలా ఇల్లంతా కదిలి వచ్చే వీలు ఈ ద్రౌపదికి లేదు. ఆమె ఒక్కతే వస్తుంది, ఒక్కతే పోతుంది.

ప్రార్థన అయింది. తెర లేచింది. పది దాటింది కాబట్టి జనం చాపలు పరుచుకుని కుదురుకున్నారు. పంతులుగారి పడక సీను ఇలా ముగిసిందో లేదో మైకులో చదివింపులు. ఫలానా వారు మొదటి కృష్ణుడి పాత్రధారికి నూటపదహార్లు. ఒక ముసలాయన ముందుకొచ్చి వన్స్‌మోర్ అన్నాడు. పంతులు మళ్ళీ అందుకున్నాడు. అర్ధరాత్రి అయింది. బజ్జీల బండి దగ్గర నూనె సెగ. పిల్లలు చాపల మీద అడ్డదిడ్డంగా నిద్రపోయారు.

మన రెండో కృష్ణుడు వచ్చాడు. పాదాలకు పారాణి, చేతిలో మురళి, తల మీద అట్టకిరీటం. బాక్సులు మోసిన భుజం మీద పట్టు ఉత్తరీయం. ఎదురుగా జుట్టు విరబోసుకుని ద్రౌపది. మొదటి పద్యం నిలిచింది. రెండోది ఇంకా బాగా నిలిచింది. మూడో పద్యంలో, మూడు పాదాలయ్యాక, గొంతు ఆగిపోయింది. మీరు ముందు వరసలో ఉన్నారు కాబట్టి అతని కళ్ళలోని ఖాళీ కనబడుతోంది. హార్మోనియం మాస్టరు అదే స్వరాన్ని పట్టుకుని సాగదీస్తున్నాడు. పొలంలో కుదరని ఆ నాలుగో పాదమే మళ్ళీ చేతికి రావడం లేదేమో.

ద్రౌపది ఒక అడుగు ముందుకేసింది. "అన్నా! మాట మధ్యలో ఆపితివే. సభలో నా జుట్టు పట్టి ఈడ్చిన చేతులు నీకూ కళ్ళకు కట్టినాయా?" ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. అప్పటికప్పుడు పుట్టించింది. చీర కొంగు సర్దుకున్నట్టు మైకుకు అడ్డం తిరిగి, మిగతా పాదం మొదటి మాట పెదాలతో అందించింది. అతను అందుకున్నాడు. ఈసారి మునుపటి కంటే పైస్థాయిలో. జనానికి ఏమీ తెలియలేదు. కృష్ణుడికి దుఃఖం వచ్చి ఆగాడనుకున్నారు. చప్పట్లు మోగాయి. చదివింపు వచ్చింది, రెండో కృష్ణుడి పేరు మీద.

రాయబారం. ఎర్రలైటు కింద డ్రైవరు దుర్యోధనుడు సింహాసనం మీద కాలు మీద కాలేసి కూర్చున్నాడు. కృష్ణుడు గొంతు పెంచలేదు. భజన గుడిలో అన్న మాట మీద నిలబడ్డాడు, తగవు తీర్చడానికి వచ్చిన పెద్దమనిషిలాగే. ఐదూళ్ళు అడిగే చోట అతని గొంతులో ప్రాధేయపడడం లేదు, బెదిరింపూ లేదు. నా పక్కనున్న రైతులు ముందుకు వంగి వింటున్నారు. గట్టు తగాదాలో ఒక్క బెత్తెడు నేల కోసం కోర్టులు తిరిగిన వాళ్ళు వీళ్ళలో ఉన్నారు. భూమి అడిగితే ఎలా ఉంటుందో, ఇవ్వనంటే ఎలా ఉంటుందో వీళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సరిగ్గా అప్పుడు, ఊరి బయట, బండి హారన్.

ఒకసారి. రెండోసారి కాస్త పొడుగ్గా. అతని కళ్ళు చప్పున చీకట్లోకి పోయి వచ్చాయి. ముందు వరసలో భార్య లేదు. హారన్ ఆగింది. అతను పద్యం అందుకుని, చివర రాగం ఎంత సేపు తీయాలో అంత సేపూ తీశాడు, ఒక్క క్షణం తగ్గించలేదు.

తెర పడిన మరుక్షణం కిరీటం తీసి మాస్టరు చేతిలో పెట్టి, పంచె ఎగ్గట్టి పరుగెత్తాడు. మీరూ వెనకే పరుగెత్తండి. తోట గట్టు మీద మినీలారీ లైట్లు. బాక్సులు సగం పైగా ఎక్కేశాయి. నీలం ముఖంతో, నొసట నామంతో, చెవులకు కుండలాలతో కృష్ణుడు వచ్చి బాక్సు ఎత్తాడు. కూలికి వచ్చిన ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. లారీ మీది కుర్రాడు ఫోను తీసి ఫొటో పట్టాడు. భార్య నవ్వలేదు. "పద్యం వినబడింది మైకులో," అంది. "ఆ కడాకరిది బాగా పాడినావు." ఈ రాత్రి వచ్చిన చదివింపులన్నీ ఒకవైపు పెట్టండి, ఆ ఒక్క మాట ఒకవైపు.

ఇవన్నీ వదిలి నటనలోకే దూకినవాళ్ళ కథలు ఈ సీమకు కొత్త కాదు. ఎన్.టి. రామారావు 1947లో వచ్చిన సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగాన్ని కొద్ది వారాల్లోనే వదిలి మద్రాసు పోయాడు. ఆయనే తరువాత హిందూపురం నుంచి 1985, 1989, 1994లో శాసనసభకు గెలిచాడు. ఆయన కొడుకు బాలకృష్ణ 2014 నుంచి అక్కడే ఎమ్మెల్యేగా ఉంటూ సినిమాలు చేస్తున్నాడు. ఊళ్ళో కుర్రాళ్ళు ఆ కథలు చెప్పుకుంటూ ఫోన్లో రీళ్ళు తీస్తున్నారు, ఒకరిద్దరు హైదరాబాదు బస్సు ఎక్కారు కూడా. ఎక్కనివ్వండి. కానీ ఉద్యోగమో పొలమో వదిలినవాడే నిజమైన నటుడన్న మాట మాత్రం నేను ఒప్పను. తోట వదిలితే ఇతని ఇల్లు నడవదు. వేషం వదిలితే ఇతను నడవడు. రెండూ పట్టుకుని తెల్లవార్లూ నిలబడ్డాడు, ఏ పాత్రనూ తక్కువ చేయలేదు.

తెల్లవారుజామున మూడో కృష్ణుడి గీతోపదేశం నడుస్తుండగానే ద్రౌపది ముఖం కడుక్కుని తనకల్లు బస్టాండుకు బయలుదేరింది. ఆమెను బండి మీద దింపమని దుర్యోధనుడు తన కొడుక్కు ఫోన్ చేశాడు. ఆమెకు రావలసిన డబ్బు ఆట మొదలు కాకముందే చేతికిచ్చారు. అన్ని ఊళ్ళల్లో అలా ఇవ్వరు.

ఈ ఎండాకాలం కదిరి, మదనపల్లె దారిన రాత్రిపూట పోతూ ఉంటే, పక్క పల్లెలోంచి మైకులో పద్యం వినబడితే బండి ఆపండి. ముందు వరసలో చోటు ఉంటుంది, లేకపోయినా ఎవరో ఒకరు చాప జరుపుతారు. రాయబారం దాకా ఉండండి, అసలు ఆట అప్పుడే. చదివింపు రాయించేటప్పుడు కృష్ణుడి పేరుతో పాటు ద్రౌపది పేరు కూడా చెప్పండి. మైకువాడు మరిచిపోతే గుర్తు చేసి చదివించండి.